‘దృశా తంతువు’ అర్థపరిధి: వైద్యరంగ వినియోగం నేపథ్యంలో పరిశీలన

ఉపోద్ఘాతం

ఆప్టికల్ ఫైబర్‌కు తెలుగు శాస్త్ర రచనలలో వాడుకలో ఉన్న మాట ‘దృశా తంతువు’. ఈ సమాసంలోని పూర్వపదానికి మూలం ‘దృశ్’ ధాతువు. దాని అర్థం చూడటం. ఆంగ్లంలోని ‘ఆప్టికల్’కు మూలమైన గ్రీకు మాటకూ చూపుతోనే సంబంధం ఉంది. కనుక అనువాదంగా ఈ పదకల్పనను తప్పుపట్టలేం. అయితే మూలపదానికి సరితూగినంత మాత్రాన పారిభాషిక పదం పని పూర్తికాదు. అది సూచించే వస్తువు ఏం చేస్తుందో చదువరికి తెలియజేయాలి. శరీరం లోపలికి వెళ్లే తంతువు విషయంలో ఇది మరింత అవసరం. తన దేహంలోకి పంపేది ఏమిటో, అది లోపల ఏం చేస్తుందో తెలిసిన తరువాతే రోగి అంగీకారపత్రంపై సంతకం చేయాలి. ఈ దృష్టితో ‘దృశా తంతువు’ అర్థపరిధిని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. తంతువు పని: వెలుగును మోయడం

తంతువు లోపలి గాజుకు వక్రీభవన గుణకం ఎక్కువ. దాని చుట్టూ ఉన్న తొడుగుకు తక్కువ. సందిగ్ధ కోణం కంటే ఎక్కువ కోణంతో ఈ రెంటి సరిహద్దును తాకిన కిరణం బయటికి పోదు. సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ, తంతువు వంగినా దాని వెంటే సాగుతుంది. తంతువుల కట్టతో బొమ్మను తెచ్చే పద్ధతిలో ఒక్కో తంతువు మోసేది ఒక్క చుక్క వెలుగును మాత్రమే. వేల తంతువులను రెండు కొసలలోనూ ఒకే వరుసలో అమర్చినప్పుడు ఆ చుక్కలు కలిసి బొమ్మ అవుతాయి. వరుస తప్పితే వెలుగు వస్తుంది, బొమ్మ రాదు. అంటే తంతువు సహజంగా చేసేది వెలుగును మోయడం. దృశ్యం అమరిక వల్ల కలిగే ఫలితం.

2. చరిత్ర కథనంలో మరుగుపడిన తొడుగు

1930లో మ్యూనిక్‌లో వైద్యవిద్యార్థి హైన్రిక్ లామ్ గాజు తంతువుల కట్ట ద్వారా దీపపు తీగ బొమ్మను పంపగలిగాడు. 1954 జనవరి 2 నాటి ‘నేచర్’ సంచికలో హెరాల్డ్ హాప్కిన్స్, నరీందర్ సింగ్ కపానీల పత్రమూ, డచ్ శాస్త్రవేత్త వాన్ హీల్ పత్రమూ వెలువడ్డాయి. తంతువులు ఒకదానినొకటి తాకితే ఒకదాని వెలుగు మరొకదానిలోకి జారుతుంది. అందుకు తక్కువ వక్రీభవన గుణకం గల తొడుగు కావాలన్నది వాన్ హీల్ ప్రతిపాదన. 1956 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయంలో లారీ కర్టిస్ గాజుకు గాజు తొడుగే వేసి తంతువును తీశాడు. 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ ఆ తంతువులతో చేసిన పరికరాన్ని ముందు తన గొంతులోకే దించుకున్నాడు; ఆ తరువాతే రోగిపై వాడాడు.

కపానీని ‘ఫైబర్ ఆప్టిక్స్ పితామహుడు’గా కీర్తించే కథనాలు తరచూ 1954 దగ్గరే ఆగిపోతాయి. ఆయన కృషి గొప్పదే. ఆ రంగానికి పేరును ప్రచారంలోకి తెచ్చినవాడూ ఆయనే. కాని తొడుగు ప్రస్తావన లేని కథనం, తంతువు రోగికి ఎలా పనికొచ్చిందో చెప్పలేదు. ఒక్కరి పేరు చుట్టూ అల్లిన చరిత్రలో శాస్త్రమే జారిపోతుంది.

3. కంటికి కనబడని కాంతి

చికిత్స విషయానికి వచ్చేసరికి ‘దృశా’ అన్న విశేషణం మరింత ఇరుకవుతుంది. మూత్రపిండంలోని రాళ్లను పగలగొట్టే హోల్మియం లేజర్ తరంగదైర్ఘ్యం సుమారు 2,100 నానోమీటర్లు. అది పరారుణ కాంతి, కంటికి కనబడదు. అందుకే గురి చూపడానికి దానితోపాటు కనబడే రంగు కిరణాన్ని పంపుతారు. ఇక్కడ తంతువు మోసేది దృశ్యాన్ని కాదు, రాయిని ఛేదించే శక్తిని. గురి తప్పితే అదే శక్తి మూత్రనాళపు గోడను గాయపరచగలదు. 1991లో వెలుగుచూసిన ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ విషయం వేరు. గుండె రక్తనాళాలలో వాడేటప్పుడు ఒక్క తంతువే తిరుగుతూ పరారుణ కాంతిని పంపి, గోడ పొరల నుంచి తిరిగి వచ్చిన కాంతిని చేరవేస్తుంది. బొమ్మను కంప్యూటరు కూరుస్తుంది.

4. వాడుకభాష సాక్ష్యం

‘గొట్టం వేసి చూడటం’, ‘కెమెరా పెట్టడం’, ‘లేజర్‌తో రాయి పగలగొట్టడం’ వంటివి జనం మాటలు. వీటిని అశాస్త్రీయమని తోసిపుచ్చడం తొందరపాటే అవుతుంది. 1980లలో వీడియో ఎండోస్కోపులు వచ్చాక బొమ్మను పట్టే పని గొట్టం కొసన ఉన్న చిప్‌కు మారింది. వాటిలో తంతువుల పని చాలావరకు లోపలికి వెలుగు పంపడమే. కనుక ‘కెమెరా పెట్టడం’ అన్న మాట నేటి పరికరానికి దగ్గరగా ఉంది. బొమ్మను తంతువులే తెస్తాయనే వివరణ పాత పరికరానికి చెందినది. వాడుకభాషలో మరో మెలకువ కూడా ఉంది: ‘చూడటం’, ‘పగలగొట్టడం’ అని రెండు పనులకు రెండు క్రియలు వాడుతుంది. రెంటినీ ‘ఎండోస్కోపీ’ అన్న ఒక్క మాటలో కలిపేసినప్పుడు ఆ తేడా రోగికి అందదు.

ముగింపు

పాతుకుపోయిన పదాన్ని తొలగించడం సులభం కాదు. అయితే వైద్య విషయాలు రాసేటప్పుడు ‘కాంతి తంతువు’ అనడం వస్తుధర్మానికి దగ్గరగా ఉంటుంది. కంటికి కనబడని కాంతికీ ఆ మాట వర్తిస్తుంది. దానికి వెలుగునిచ్చేది, బొమ్మను తెచ్చేది, చికిత్స చేసేది అన్న విశేషణాలను సందర్భానుసారం చేర్చితే మూడు పనులూ విడివిడిగా తెలుస్తాయి. అంగీకారపత్రం తెలుగులో ఉన్నంత మాత్రాన చాలదు. ఈ తంతువు చూడటానికి తోడ్పడుతుందా, కోయడానికో కాల్చడానికో వెళుతుందా అన్నది అందులోని క్రియాపదం చెప్పాలి. పరిభాషా నిర్మాతలు నామవాచకాలపై చూపే శ్రద్ధను క్రియలపై కూడా చూపవలసిన అవసరాన్ని ఈ తంతువు ఉదాహరణ స్పష్టం చేస్తోంది.