చేతికి ఎదురుచెప్పు పిడి

ఈ వారము నన్ను చిరాకుపఱచినది ఒక ఛాయాచిత్రము. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు, కారు నిలుపుకొనవలసిన షెడ్డులో, రివెట్టు వెంబడి రివెట్టు కొట్టుచు ఆర్‌వి–7 అను రెండు సీట్ల విమానమును నిర్మించుకొనుచున్న సంగతి ఈ శీర్షిక చదువువారికి క్రొత్త కాదు. అతడిప్పుడు విమానమును నడుపు స్టిక్కునకు తొడుగుటకై కొనిన పిడి బొమ్మను పంపి, "ఎలా ఉంది మామయ్యా, అచ్చం ఫైటర్ విమానంలో పిడిలా లేదూ?" అని వ్రాసెను. ఉన్నది, నా అభ్యంతరమంతయు అదియే. బొటనవ్రేలి చెంత మీటలు, చూపుడువ్రేలి చెంత మఱొక మీట, అరచేయి ఆనుటకు క్రింద చిన్న మెట్టు, అన్నియు కుడిచేతి కొలతకు మలచినవి. ఆర్‌వి–7లో ఇరువురు ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఎవరి మోకాళ్ళ నడుమ వారి స్టిక్కు ఉండును. ఇంజను బలమును హెచ్చించి తగ్గించు థ్రాటిల్ మాత్రము ఇరువురికి నడుమ ఉండును. కావున ఎడమ సీటున కూర్చుండు పైలటు కుడిచేతిని థ్రాటిల్‌కిచ్చి, స్టిక్కును ఎడమచేతనే పట్టవలెను. కుడిచేతికై చెక్కిన పిడిని ఎడమచేతికి అప్పగించి, అందముగా నున్నదని మురియుట ఏమి న్యాయము?

బాడిశ పిడిని గూర్చియు, కొడవలి పిడిని గూర్చియు నేను వ్రాసిన వ్యాసములు చదివిన పాఠకులకు నా సిద్ధాంతము కంఠస్థమై యుండును: పనిచేయునది ఇనుమే యైనను పనివానితో మాటలాడునది పిడి, కనుక అది పనివాని చేతికొఱకు పుట్టవలెనే గాని అంగటి అలమారు కొఱకు పుట్టరాదు. కర్మాగారమున తయారైన విమానమునకు పైలటే ఒదుగవలెను. తన విమానమును తానే నిర్మించుకొనువానికి, పనిలో అధికభాగము ఔత్సాహికుల చేతిమీదనే జరుగవలెనని అమెరికా ప్రభుత్వపు నిబంధనయే కలదు గనుక, ఆ యిక్కట్టు లేదు. స్టిక్కు ఎంత పొడవుండవలెనో, చేయి దానిని ఏ యెత్తున పట్టవలెనో నిర్ణయించుకొను భాగ్యము అతనిది.

ఆ నిర్ణయమున మొదటి సూత్రము ముంజేతిది. ముంజేయి తొడమీద ఆని మణికట్టు మాత్రమే కదలునట్లు పిడి యమరినచో, గాలి కుదుపులలో శరీరమెంత యూగినను ఆ యూపు స్టిక్కునకు ప్రాకదు. చేయి ఆధారము లేక వ్రేలాడినచో, ప్రతి కుదుపునకు చేయి కదలి, చేతితో స్టిక్కు కదలి, విమానము మఱొక కుదుపును తానే తెచ్చుకొనును. 1979లో తొలిసారి ఎగిరిన లాంగ్-ఈజీ విమానమున బర్ట్ రూటన్ ఈ సూత్రమును తుదివఱకు నడిపి, స్టిక్కును మోకాళ్ళ నడుమనుండి తొలగించి కుడిగోడ చెంతకు చేర్చెను. వెనుకకు వాలి కూర్చున్న పైలటు ముంజేతిని ఆనించి, మణికట్టుతోనే గంటలకొలది ఎగురవచ్చును.

రెండవ సూత్రము చోటుది. స్టిక్కును పూర్తిగా వెనుకకు లాగి ఇరుప్రక్కల చివరలకు త్రిప్పినప్పుడు అది తొడకు గాని పొట్టకు గాని తగులరాదు. పూర్తిగా ముందుకు నెట్టినప్పుడు వ్రేళ్ళ కణుపులు ఎదుటి మీటలను తాకరాదు. ఈ పరీక్షను నిర్మాత యొక్కడే బనీనుతో కూర్చుండి చేసిన చాలదు. స్థూలకాయుడైన మిత్రుని ప్రక్కన కూర్చుండబెట్టి, చలికోటు తొడిగించి, పట్టీలు బిగించి చేయవలెను.

ఇంతవఱకు చదివినవారు సుఖమే సర్వస్వమని నేను చెప్పబోవుచున్నాననుకొందురు. కాని స్టిక్కు సుఖమును తలచినప్పుడెల్ల నాకు ఆన్రీ మిన్యే జ్ఞాపకమునకు వచ్చును. కాలితో ఒకటి, చేతితో ఒకటి చేయుచు విమానమును నడుపు సాధారణ పద్ధతి తనకు పట్టుపడలేదని బాహాటముగా చెప్పుకొనిన ఈ ఫ్రెంచి ఔత్సాహికుడు, తనవంటి సామాన్యుల కొఱకు 'పూ దు సియెల్' అను చిన్న విమానమును నిర్మించి 1933లో ఎగురవేసెను. దానికి పెడళ్ళు లేవు. విమానమును ప్రక్కలకు ఒరగించు ఐలరాన్లు రెక్కల అంచున లేవు. ఉన్నది ఒక్క స్టిక్కు. ముందువెనుకలకు కదిపిన ముందు రెక్క వాలు మారును, ప్రక్కలకు కదిపిన చుక్కాని తిరుగును. నిర్మాణ విధానమంతయు అతడు 1934లో పుస్తకముగా ప్రకటింపగా, విమానము కొనలేని సామాన్యులు ఫ్రాన్సునందును ఇంగ్లండునందును కొయ్యను, గుడ్డను చేర్చి వందలకొలది విమానములకు పూనుకొనిరి. ఆ యుత్సాహము నాకు పూజ్యము. నేడు ఆరెగన్ షెడ్డులో రివెట్టు కొట్టువాడు ఆ వంశమువాడే.

కాని ప్రమాదములు వరుసగా జరిగినవి. 1936లో పూర్తి పరిమాణపు విమానమునే గాలిసొరంగమున నిలిపి పరీక్షింపగా కారణము తేలినది. ముక్కు ఒక మేరకు మించి క్రిందికి వంగినచో, రెండు రెక్కల నడుమనున్న సందునుండి దూసుకొనివచ్చు గాలి వెనుక రెక్కకు బలమిచ్చి ముక్కును మఱింత క్రిందికి త్రోయును. పైలటు స్టిక్కును ఎంత లాగినను అది లేవదు. పట్టుటకెంత సులువైనదైనను, ఆ క్షణమున ఆ పిడికి రెక్కను ఆజ్ఞాపించు శక్తి లేకపోయెను.

పిడికిని రెక్కకును నడుమనున్న ఆ సంబంధమును పౌనులలో కొలిచినవాడు రాబర్ట్ గిల్‌రూత్. తరువాతి కాలమున చంద్రయాత్రలను నడిపిన హ్యూస్టన్ కేంద్రమునకు అధిపతియైన ఈ యింజనీరు, 1940 ప్రాంతమున వర్జీనియాలోని లాంగ్లీ ప్రయోగశాలలో పలు విమానములకు కొలతసాధనము లమర్చి, పైలటు 'బాగున్నది' అను మాటకు అంకెల రూపమిచ్చెను. మలుపు బిగిసినకొలది స్టిక్కు బరువెక్కవలెను. నిలిపిన వేగము తప్పినప్పుడు అది చేతిని నెట్టి ఆ సంగతి తెలుపవలెను. ఐలరాన్లకు పట్టు బలము 1 అయినచో ముక్కును ఎత్తిదించు ఎలివేటరుకు 2, చుక్కానికి 4 ఉండుట సామరస్యమని నిర్మాతలలో పరంపరగా వచ్చు మాట.

రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ రూపొందించిన ఆర్‌వి విమానములకు కీర్తి తెచ్చినది ఈ సామరస్యమే. ఆరెగన్ వెళ్ళినప్పుడు మేనల్లుని మిత్రుడొకడు నన్ను తన విమానమున విల్లమెట్ లోయమీద త్రిప్పి, స్టిక్కు నాకిచ్చెను. పొగరుబోతు ఎడ్ల పగ్గమువలె దానిని బిగించి పట్టగా ముక్కు ఎగిరెగిరి పడినది. "రెండు వేళ్ళు చాలు బాబాయిగారూ" అనెను. వ్రేళ్ళు సడలింపగానే విమానము కుదుటపడినది. పిమ్మట అతడు మలుపును క్రమముగా బిగింపుమనగా, రెండు వ్రేళ్ళు నాలుగైనవి, నాలుగు పిడికిలియైనది. ఆ బరువులో అసౌకర్యము లేదు. రెక్క ఎంత మోయుచున్నదో నా చేతికి తెలిసినది.

ఈ బరువు నిలుకడయైనది కాదు. ఆర్‌విలో పెట్రోలు రెక్కల ముందంచున నుండును. అది ఖర్చైనకొలది భారకేంద్రము వెనుకకు జరుగును. సీట్ల వెనుక సామానును నింపినచో, అలసిన పైలటు దిగవలసిన వేళకే స్టిక్కు మిక్కిలి తేలికపడును. ఆ తేలికదనమును సుఖమనుకొన్నవాడు చిన్న కదలికతోనే విమానమును అవసరమునకు మించి ఎత్తివేయును. స్టిక్కు అడుగున తోలు తొడుగు బిగిసినను, కీలులో రంగు చుక్క ఎండినను, ఆ రాపిడిలో రెక్క మాట చేతికి చేరదు. 18 అంగుళముల స్టిక్కును 15కు కోసినచో చేతికి పట్టు బలము ఐదింట ఒకవంతు పెరుగును, చేతి కదలిక ఆఱింట ఒకవంతు తగ్గును. బరువును దుడుకుదనమును ఒక్కసారే వచ్చును.

కావున మేనల్లునికి వ్రాసినదియు, ఈ పనికి పూనుకొను తెలుగు యువకులకు చెప్పునదియు ఇదే. సుఖమును సీటునందు, మెత్తయందు, ముంజేతి ఆధారమునందు వెదకుడు. పిడి ఏ చేతికైనను అమరునట్లు సాదాగా నుండనిండు. రేడియోలో మాటలాడు మీటయు, స్టిక్కు బరువును సవరించు ట్రిమ్ మీటయు తప్ప తక్కినవి ఎదుటి పలకమీదనే యుండనిండు. ప్రయాణికుని పిడిమీది ట్రిమ్ మీటను ఆపివేయు వీలు కల్పించుడు. స్టిక్కును కోయుట అన్నిటికంటె చివరిపని. చేతికి కొంత బరువు తెలియజేయని స్టిక్కు, ఎంత సుఖమైనదైనను, నా మతమున మంచి స్టిక్కు కాదు.