తుపాను గీత, తుపాను రాత

అట్లాంటిక్‌లో తుపాను పుట్టిన దగ్గర్నుంచి మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ప్రతి ఆరు గంటలకూ ఒక కట్ట సమాచారం విడుదల చేస్తుంది. అందులో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి అందరూ చూసే బొమ్మ, కోన్. రెండోది చాలా తక్కువమంది చదివే వచనం, డిస్కషన్. రెండూ ఒకే చోట, ఒకే వేళకు, ఒకే బృందం చేతుల మీదుగా వస్తాయి. తుపాను ఎటు పోతుందో తేలని స్థితిని చెప్పే తీరులో మాత్రం వాటికి పొంతన లేదు. నా దృష్టిలో నిజాయితీ ఎక్కువున్నది వచనంలో. జనానికి చేరుతున్నది బొమ్మ.

ముందు బొమ్మ సంగతి. తుపాను ఇప్పుడున్న చోట సన్నగా మొదలై, పోనుపోను వెడల్పయ్యే తెల్లని ఆకారం. మొదటి మూడు రోజుల భాగం నిండు తెలుపు, తర్వాతి రెండు రోజులది చుక్కలు చుక్కలుగా. మధ్యలో నల్లటి గుండ్రాలు, వాటి లోపల తీవ్రతను సూచించే అక్షరాలు, వాటిని కలుపుతూ ఒక నల్లగీత. చూడగానే అంతా అర్థమైనట్టే ఉంటుంది. చిక్కంతా అక్కడే. ఆ వెడల్పు ఈ తుపానును చూసి గీసింది కాదు. గడచిన ఐదేళ్లలో సెంటర్ అంచనాలు ఎంతెంత దూరం తప్పాయో లెక్కగట్టి, వాటిలో మూడింట రెండు వంతులు ఇమిడేలా వలయాలు గీసి, ఆ వలయాలను కలిపితే వచ్చే ఆకారం అది. 2022లో మూడు రోజుల అంచనాకు ఆ వలయం వ్యాసార్ధం సుమారు 185 కిలోమీటర్లు, ఐదు రోజుల అంచనాకు 370. ఆ ఏడాది అట్లాంటిక్‌లో పుట్టిన ప్రతి తుపానుకూ అవే కొలతలు. ఇంటిల్లిపాదికీ ఒకే కొలతతో కుట్టించిన చొక్కా లాంటిదన్నమాట. తుపాను దారిని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లన్నీ ఒకే దిక్కు చూపినా, తలోదిక్కు చూపినా కోన్ వెడల్పు మారదు. పైగా తుపాను కేంద్రం మూడోవంతు సార్లు ఆ తెలుపు దాటి పోవచ్చని ఆ లెక్కలోనే ఉంది. గాలి, వాన, ఉప్పెన ఎంత దూరం పాకుతాయో అందులో ఉండదు. అది కేంద్రం నడిచే దారి, అంతే.

డిస్కషన్‌కు రంగులూ హంగులూ లేవు. తుపాను లోపలికి వెళ్లిన విమానం ఏం కొలిచిందో, పీడనం ఎంత పడిపోయిందో మొదట చెబుతుంది. తర్వాత తుపానును నెడుతున్న గాలులు, పడమటి నుంచి దిగుతున్న ద్రోణి, తూర్పున కాచుకున్న అధికపీడనం. ఆపైన మోడళ్ల తగువు: అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ ఎటు లాగుతోంది, యూరప్ మోడల్ ఎటు లాగుతోంది, తాము ఎక్కడ నిలబడ్డారు, ఆరు గంటల కిందటి అంచనా నుంచి ఎంత జరిగారు, ఇంకా ఎందుకు జరగలేదు. చివర రాసినవారి ఇంటిపేరు ఉంటుంది. ఈ చిన్న విషయం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. తమకు ఎంతవరకు తెలుసో, ఎక్కడి నుంచి తెలియదో రాసి కింద పేరు పెట్టే ప్రభుత్వ పత్రాలు అరుదు.

ఇయాన్ తుపాను వారంలో వచ్చిన బొమ్మలనూ వచనాలనూ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2022 సెప్టెంబరు నాలుగో వారం. తొలి అంచనాల్లో గీత నైరుతి ఫ్లోరిడాను తాకింది. తర్వాత పడమరకు జరిగి, పైన, ఫ్లోరిడా తీరం వంపు తిరిగే బిగ్ బెండ్ దాకా పోయింది. మళ్లీ తూర్పుకు తిరిగి టాంపా మీదికి వచ్చింది. చివరికి 28వ తేదీ మధ్యాహ్నం గంటకు 240 కిలోమీటర్ల గాలులతో కాయో కోస్టా దీవి దగ్గర తుపాను తీరం దాటింది. టాంపాకు అది 150 కిలోమీటర్లు కూడా లేదు. లెక్క ప్రకారం చూస్తే ఇది చెడ్డ అంచనా కాదు. కానీ ఆ దీవి ఉన్న లీ కౌంటీ కోన్ తెల్లని ఆకారం అంచున ఉంది, అందరి చూపూ టాంపా మీద ఉంది. ఖాళీ చేయమన్న ఆదేశం లీ కౌంటీలో 27 ఉదయం గానీ రాలేదు. చుట్టుపక్కల కొన్ని కౌంటీలు ముందురోజే చెప్పేశాయి. లీ కౌంటీలోని ఫోర్ట్ మయర్స్ బీచ్‌ను 10 నుంచి 15 అడుగుల ఉప్పెన ముంచెత్తింది. ఇయాన్ తెచ్చిన ఉప్పెన నీళ్లలోనే 41 మంది ప్రాణాలు పోయాయి, వాళ్లలో ఎక్కువమంది లీ కౌంటీ వాళ్లే. టాంపా అఖాతంలో మాత్రం గాలికి నీళ్లు వెనక్కి పోయి అడుగు బయటపడింది.

ఆ రోజుల డిస్కషన్లు వరసగా చదివితే రెండు మాటలు వదలకుండా వినబడతాయి. మోడళ్ల మధ్య ఎడం చాలా ఎక్కువగా ఉందన్నది ఒకటి. తుపాను ఫ్లోరిడా పడమటి తీరానికి ఇంచుమించు సమాంతరంగా వస్తోంది కాబట్టి, కోణం ఏ కాస్త మారినా తీరం దాటే చోటు చాలా దూరం జరుగుతుందన్నది రెండోది. ప్రాణం కాపాడే సమాచారం ఏదైనా ఉంటే అది ఈ రెండో మాటే. అది బొమ్మలోకి ఎక్కే దారి లేదు, ఎందుకంటే బొమ్మ వెడల్పు సీజన్‌కు ముందే ఖాయమైపోయింది.

ఇది మొదటిసారి జరిగింది కూడా కాదు. 2004 ఆగస్టు 13న చార్లీ తుపాను తీరం దాటిందీ అదే కాయో కోస్టా దగ్గర, దాదాపు అంతే గాలులతో. అప్పుడూ గీత టాంపా మీదే ఉంది. చివరి గంటల్లో చార్లీ కుడికి తిరిగి, ఆ కాస్త వ్యవధిలోనే విపరీతంగా బలపడింది. టాంపా నుంచి ఒర్లాండోకు వెళ్లి తలదాచుకున్నవాళ్ల మీదుగానే వెళ్లింది. చార్లీ దాటిన తీరానికి హరికేన్ హెచ్చరిక దాదాపు ఒక రోజు ముందు నుంచే ఉంది. హెచ్చరిక సరిగ్గానే ఉంది, చూపు మరోచోట ఉంది. హరికేన్ సెంటర్ ఆనాటి డైరెక్టర్ మాక్స్ మేఫీల్డ్ ఆ సన్నని నల్లగీతను పట్టుకోవద్దని జనానికి చెబుతూ ఉండేవారు. గీత లేని కోన్ కూడా ఇప్పుడు దొరుకుతుంది. కానీ గీత తీసేసినా కన్ను నడిమధ్య దాన్ని గీసేసుకుంటుంది. లోపం చూసేవాళ్లది అని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ప్రాణభయంతో చూసేవాడు ఎలా చూస్తాడో తెలిసి గీయాల్సిన బొమ్మ అది.

వచనానికీ లోపాలున్నాయి. ద్రోణులు, ఎన్‌సెంబుల్‌లు తెలియనివాడికి అది అడవి. పిల్లల్నీ ముసలివాళ్లనీ కారెక్కించి పెట్రోలు బంకు వరసలో నిలబడ్డవాడు దాన్ని చదవడు, చదవమనడం అన్యాయం. బొమ్మకున్న ఒక గుణాన్నీ ఒప్పుకోవాలి. జీఎఫ్ఎస్ పడమరకు దూకిందని సెంటర్ కూడా దూకదు, కొంత జరిగి ఆగి చూస్తుంది. తర్వాతి విడతలో మోడల్ వెనక్కి వస్తే జనాన్ని అటూ ఇటూ పరుగెత్తించిన పాపం ఉండదు. మోడళ్ల రంగు దారాలన్నీ ఫోన్లో పరుచుకుని గంటగంటకూ కుంగిపోయేవాళ్లకంటే, ఆరు గంటలకొక కోన్ చూసేవాళ్లు నిలకడగా ఉంటారు. టాంపా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. తుపాను వార్త రాగానే ఇక్కడి నుంచి పోయే ఫోన్లలో మొదటి ప్రశ్న, “మీ వైపు వస్తోందా?” బొమ్మ ఆ ప్రశ్నకు అవునో కాదో చెప్పేసినట్టు ఉంటుంది. వచనం ప్రశ్ననే మారుస్తుంది: మీ వైపు వస్తే ఏమవుతుంది, దానికి సిద్ధంగా ఉన్నారా?

మన తీరానికి ఈ కథ పూర్తిగా అతకదు. వాయవ్య దిశగా వచ్చే తుపాను ఆంధ్రా తీరాన్ని ఇంచుమించు ఎదురుగా ఢీకొంటుంది, కోణం కాస్త మారితే చోటూ కాస్తే మారుతుంది. తీరం వెంబడి నడిచేవి వచ్చినప్పుడు మాత్రం మనదీ ఫ్లోరిడా పరిస్థితే. 2021 డిసెంబరులో జవాద్ తుపాను వస్తోందని ఉత్తరాంధ్రలో యాభై వేల మందికి పైగా ఇళ్లు వదిలారు. అది ఒడిశా వైపు తిరిగి సముద్రంలోనే బలహీనపడింది. 2022 మేలో అసని సంగతి దీనికి తలకిందులు. తీరం దాటకుండా సముద్రంలోనే మళ్లిపోతుందన్న తుపాను దగ్గరికి జరుగుతూ వచ్చి, 11న మచిలీపట్నం, నరసాపురం మధ్య తీవ్ర వాయుగుండంగా నేలమీదికి వచ్చింది. భారత వాతావరణ శాఖ 2009 నుంచి కోన్ గీస్తోంది. కానీ మన మత్స్యకారులు తరాలుగా చూస్తున్నది రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లను. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ పెను ప్రమాదాన్నే చెబుతాయి. తుపాను రేవుకు ఎడమగా పోతుందా, కుడిగా పోతుందా, మీదుగానా అన్నదే వాటి మధ్య తేడా. దారి ఏదైనా ఈ రేవుకు ముప్పు ముప్పే అని అంత పొదుపుగా చెప్పిన మరో సంకేతం నాకు తెలియదు. బొమ్మ కన్నా వచనం కన్నా పాతదైన ఈ పద్ధతి, తుపాను ఎటు పోతుందన్నది పక్కన పెట్టి, నువ్వున్న చోట ఏమిటన్నది చెబుతుంది.

2024లో హరికేన్ సెంటర్ ప్రయోగంగా తెచ్చిన కొత్త కోన్ ఈ దారిలోనే ఒక అడుగు వేసింది. తీరానికి లోపలున్న కౌంటీల హెచ్చరికలను కూడా రంగులతో అదే పటం మీద చూపింది, కళ్లు గీత నుంచి నేల మీదికి మళ్లేలా చేసింది. మంచి మార్పు. తెల్లని ఆకారం మాత్రం ఇంకా ఐదేళ్ల పాత తప్పుల కొలతే. డిస్కషన్‌లో తరచూ కనిపించే ఒక్క వాక్యం, ఈ తుపాను విషయంలో మా అనుమానం మామూలు కన్నా ఎక్కువా తక్కువా అన్నది, ఆ పటం కింద తుపాను పేరంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.