కాళ్ల సంగతి కాళ్లకే

గన్నవరంలో ఈ వారం ఒక స్కూలు వార్షికోత్సవానికి వెళ్లాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె కూచిపూడి తరంగం చేస్తూ ఇత్తడి పళ్లెం ఎక్కగానే మైకులో వ్యాఖ్యాత అందుకున్నాడు: "చూడండి, మనసంతా పాదాల మీదే పెట్టి ఆడుతోంది!" పళ్లెం, నెత్తిన చెంబు వట్టి సర్కస్సని గొణగడం నాకు అలవాటే. కానీ ఆ మాట మాత్రం నచ్చింది. పని ఏదైనా మనసు పెట్టి చెయ్యాలనేది నా పాత పాటే కదా.

సైన్సూ నా వైపే ఉందనుకున్నాను. మెదడులో ఒంటిని కదిలించే భాగంలో సెకనుకు 15 నుంచి 30 సార్లు ఊగే ఒక విద్యుత్ లయ ఉంటుంది, బీటా అంటారు. చేతి కండరం బిగించి ఉంచినవాళ్ల మెదడునూ ఆ కండరాన్నీ ఒకేసారి కొలిచి, రెండూ ఒకే లయలో జోడుగా నడుస్తున్నాయని 1995లో కాన్వే అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు చూపించారు. నట్టువాంగానికి మృదంగం కలిసినట్టన్నమాట. అయితే బిగించి నిలిపినప్పుడే సుమా. కదిలితే ఆ జోడు సడలుతుంది, ఆగితే మళ్లీ కుదురుకుంటుంది.  

మనసు పెట్టి సాధన చేసేకొద్దీ ఈ జోడు గట్టిపడాలి కదా? 2010లో జపాన్‌లో ఉషియామా పరిశోధక బృందం బ్యాలే నర్తకులనూ, బరువులెత్తేవాళ్లనూ, ఏ సాధనా లేని మామూలు మనుషులనూ కూర్చోబెట్టి మోకాలి కింద ముందువైపు కండరాన్ని కొలిచింది. జోడు గట్టిగా ఉన్నది మామూలు మనుషుల్లో! నర్తకుల్లో అది పలచగా ఉంది.

ఇది చదివాక కూచిపూడిలో ఒక మాస్టారి వసారా గుర్తొచ్చింది. ఉయ్యూరు, పామర్రు మీదుగా బస్సులో వెళ్లేవాణ్ణి. పొద్దున్నే గచ్చు మీద పళ్లెం గీరుకుంటూ జరిగే చప్పుడు వీధిలోకి వినపడేది. పళ్లెం మీది పిల్ల కాలివేళ్లు అంచును కరిచి పట్టుకుని తెల్లగా పాలిపోయేవి. ఆమె చూపు కిందికి జారిందో, తాళం కొట్టే మాస్టారి కర్ర ఆగిపోయేది.

"కాళ్ల వంక చూడకే అమ్మాయ్! వాటి సంగతి అవే చూసుకుంటాయి. నువ్వు వెన్నదొంగని చూడు."

"పడిపోతానేమో మాస్టారూ..."

"పడితే పడు. కిందికి చూస్తే ఇంకా ముందే పడతావు."

అప్పట్లో అదంతా పెద్దాయన చాదస్తమనుకున్నాను. బ్యాలే వేరు, కూచిపూడి వేరు. బీటాని కొలిస్తే మనసుని కొలిచినట్టూ కాదు. అయినా అడుగులు అన్నేళ్లు తట్టించేది మనసును పాదాలకు కట్టెయ్యడానికి కాదనీ, వాటి నుంచి విడిపించడానికేననీ ఇప్పుడు అనిపిస్తోంది. తరంగాలు రాసిన నారాయణతీర్థుల కృష్ణుడు అల్లరి చెయ్యాల్సింది ఆ పిల్ల కళ్లలో. కాళ్లకే సరిపోయిన మనసులో ఆయనకు చోటెక్కడ?

అందుకని పళ్లెం మీద నా కోపం కొంత తగ్గించుకుంటున్నాను, పూర్తిగా కాదు. పళ్లెం జరుగుతున్నంతసేపూ ముఖం ఆడితే అది నాట్యం. కనుబొమలు ముడిపడి, చూపు నేలకు అతుక్కుపోతే అది ఇప్పటికీ సర్కస్సే. అమ్మానాన్నలకూ, మాస్టార్లకూ ఒక్క మనవి: వార్షికోత్సవం దగ్గరపడిందని పిల్లల్ని తొందరపడి పళ్లెం ఎక్కించకండి.