ఆహారవాహిక క్యాన్సర్ జీవసూచికల పరిశోధన: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

రోగ నిర్ణయం ఒకటి, రోగఫల నిర్ణయం మరొకటి. ఆయుర్వేదం రోగాలను సాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, యాప్యం, అసాధ్యం అని విభజించి, చికిత్సకు పూనుకొనే ముందే ఫలాన్ని అంచనా వేసుకోమని వైద్యుణ్ణి ఆదేశించింది. ఆధునిక క్యాన్సర్ వైద్యంలో ఆ బాధ్యతలో కొంత భాగాన్ని జీవసూచికలకు అప్పగించే ప్రయత్నం జరుగుతున్నది. కణితి కణజాలంలోనో రక్తంలోనో కొలవగలిగే ప్రొటీన్లు, జన్యుమార్పులు మొదలైనవి ఈ సూచికలు. ఆహారవాహిక క్యాన్సర్ విషయంలో ఈ ప్రయత్నం ఏ మేరకు ఫలించిందో, ఎక్కడ దారి తప్పిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒకే పేరు, రెండు వ్యాధులు

ఆహారవాహిక క్యాన్సర్‌లో ప్రధాన రకాలు రెండు. పొగాకు, మద్యం ముఖ్య కారణాలుగా గల స్క్వామస్ రకం మొదటిది. భారతదేశంలో అధికంగా కనిపించేది ఇదే. జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నడం, స్థూలకాయం వంటి కారణాలతో ముడిపడిన ఎడినోకార్సినోమా రెండవది. ఇది పాశ్చాత్య దేశాలలో ఎక్కువ. 2017లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అధ్యయనం ఈ రెండింటి జన్యుస్వభావాలు వేరని స్పష్టం చేసింది. స్క్వామస్ రకానికి ఇతర అవయవాల స్క్వామస్ క్యాన్సర్లతోనూ, ఎడినోకార్సినోమాకు ఒక తరహా జీర్ణాశయ క్యాన్సర్‌తోనూ దగ్గరి పోలిక ఉన్నదని తేల్చింది. కాబట్టి రెండు రకాల రోగులనూ ఒకే రాశిగా పోసి ఒక సూచికను కొలిచిన అధ్యయనం, సూచిక బలాన్ని కాక కణరకాల భేదాన్నే కొలిచి ఉండవచ్చు.

3. ఓటమి కనిపించని పోటీ

ఈ రంగంలోని అనేక వ్యాసాల నిర్మాణం ఒక్కటే. ఒక ఆసుపత్రిలో భద్రపరచిన కణజాలాన్ని పరీక్షిస్తారు. సూచిక ‘ఎక్కువ’, ‘తక్కువ’ అని రోగులను రెండు వర్గాలు చేస్తారు. రెండు జీవనరేఖలు విడివడితే కొత్త సూచిక దొరికిందని ప్రకటిస్తారు. 2005లో వెలువడిన 1575 క్యాన్సర్ ఫలసూచిక వ్యాసాలను కైజాస్, అయొనిడిస్ బృందం పరిశీలించగా, 95 శాతానికి పైగా అనుకూల ఫలితాన్నే చూపినట్లు 2007లో వెల్లడైంది. అందరూ గెలిచే పోటీలో గెలుపుకు విలువ ఉండదు. ప్రతికూల ఫలితాలు బీరువాలలోనే ఉండిపోతున్నాయన్న అనుమానానికి ఇది బలమైన ఆధారం.

‘ఎక్కువ’, ‘తక్కువ’ల హద్దును దత్తాంశాన్ని చూసిన తరువాత నిర్ణయించడం మరొక లోపం. పది చోట్ల గీత గీసి, బాగా కుదిరినదాన్ని మాత్రమే చూపితే యాదృచ్ఛికత కూడా ఆవిష్కరణలా కనిపిస్తుంది. గణాంకశాస్త్రవేత్త డగ్లస్ ఆల్ట్‌మన్ బృందం 1994లోనే దీన్ని హెచ్చరించింది. 2005లో ‘రిమార్క్’ మార్గదర్శకాలు వచ్చినా ఈ అలవాటు పూర్తిగా పోలేదు.

అంతకన్నా మౌలికమైన ప్రశ్న మరొకటి ఉంది. సూచిక చెప్పేది వ్యాధి దశ ఇదివరకే చెప్పలేదా? రక్తంలో సీఈఏ, ఎస్‌సీసీ యాంటిజెన్ వంటివి సాధారణంగా కణితి భారంతో పాటు పెరుగుతాయి. స్కానింగ్ చెప్పిన మాటనే రక్తం మళ్లీ చెబితే అది సాక్ష్యమే గాని కొత్త జ్ఞానం కాదు.

4. ఫలసూచన, చికిత్సాసూచన

రోగి భవిష్యత్తును చెప్పేది ఫలసూచిక. ఫలానా మందు ఫలానా రోగికి పనిచేస్తుందని చెప్పేది చికిత్సాసూచిక. మొదటిదాన్ని రెండవదిగా భావిస్తే మూల్యం చెల్లించేది రోగి.

ఇందుకు ఈజీఎఫ్ఆర్ ప్రొటీన్ నిదర్శనం. ఇది అధికంగా ఉన్న ఆహారవాహిక కణితులలో రోగఫలం మంచిది కాదని పలు అధ్యయనాలు చెప్పాయి. కనుక దాన్ని అడ్డుకుంటే ఆయుష్షు పెరగాలన్నది సహజమైన ఊహ. బ్రిటన్‌లో జరిగిన పరీక్షలు ఆ ఊహను నిలబెట్టలేదు. 2013లో ప్రచురితమైన స్కోప్-1లో కీమోరేడియేషన్‌కు సెటుక్సిమాబ్ చేర్చిన వర్గపు మధ్యస్థ జీవనకాలం 22.1 నెలలు, చేర్చని వర్గానిది 25.4 నెలలు. అదే ఏడాది వెలువడిన రియల్-3లో పానిటుముమాబ్ తీసుకున్నవారికి 8.8 నెలలు, తీసుకోనివారికి 11.3 నెలలు. 2014 నాటి కాగ్ పరీక్షలో జెఫిటినిబ్ మొత్తం జీవనకాలాన్ని పెంచలేదు. ఈ మూడింటిలోనూ రోగులను సూచిక ఆధారంగా ఎంపిక చేయలేదు. కాగ్ నమూనాలను తరువాత పరిశీలించినప్పుడు, ఈజీఎఫ్ఆర్ జన్యుప్రతులు పెరిగిన సుమారు ఐదోవంతు మందికి మేలు కనిపించింది. అది వెనుదిరిగి చూసిన విశ్లేషణ గనుక ధ్రువీకరణ అవసరమే. అయినా ఏ సూచికను వెతకాలన్న ప్రశ్న చికిత్సకు ముందే రావలసిందని అది తెలుపుతున్నది.

దీనికి భిన్నమైన దారి హెర్-2ది. 2010లో వెలువడిన టోగా పరీక్ష హెర్-2 అధికంగా ఉన్న జీర్ణాశయ, ఆహారవాహిక-జీర్ణాశయ సంధి ఎడినోకార్సినోమా రోగులను మాత్రమే ఎంచుకున్నది. ట్రాస్టుజుమాబ్‌తో మధ్యస్థ జీవనకాలం 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. లాభం స్వల్పమే కావచ్చు, కాని అది యాదృచ్ఛిక పరీక్షలో నిలిచిన లాభం.

5. ముగింపు

తెలుగులో శాస్త్రవ్యాసాలు రాసేవారు రెండు భావాలకూ ‘సూచిక’ అన్న ఒక్క మాటనే వాడితే, పైన చెప్పిన భ్రమ భాషలోనూ స్థిరపడుతుంది. ఫలసూచిక, చికిత్సాసూచిక అన్న విభజన పరిభాషా సౌలభ్యం కోసం మాత్రమే కాదు, రోగికి చెప్పే మాటలోని నిజాయితీ కోసం. కణరకాన్ని వేరుచేయడం, హద్దును ముందే ప్రకటించడం, దశకు అదనంగా ఏమి తెలిసిందో చూపడం, వేరొక రోగిబృందంలో నిరూపించడం: ఈ నాలుగు షరతులకు నిలవని సూచిక ఇంకా ప్రతిపాదన మాత్రమే. మధ్యస్థ జీవనకాలం ఒక సమూహపు లెక్క. ఎదుట కూర్చున్న మనిషి ఆయుష్షును అది కొలవదు. అసాధ్యమన్న మాట పలికే ముందు పూర్వవైద్యులు పాటించిన జాగ్రత్త నేటి ప్రయోగశాలకూ వర్తిస్తుంది.