వార్డెన్ సంతకం ఎవరి సమ్మతి? – మానవ భాగస్వామ్య పరిశోధనల్లో నైతిక సమీక్ష: ఒక విమర్శ

ప్రవేశిక

మనుషులపై జరిగే పరిశోధనకు నైతిక సమీక్ష తప్పనిసరి. ఆచరణలో అది తరచు సమ్మతి పత్రం ఉందా లేదా అన్న పరిశీలనగా కుదించుకుపోతున్నది. సంతకం ఉండడం, సమ్మతి ఉండడం ఒకటి కావని ఖమ్మం ఉదంతం నిరూపించింది.

ఖమ్మం ఉదంతం

2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణకై హెచ్.పి.వి. టీకా వేశారు. గేట్స్ ఫౌండేషన్ నిధులతో పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిని నిర్వహించాయి. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది. బాలికల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అన్న పేరుచాటున ఔషధ ప్రయోగం జరిగిందన్నది దాని నిర్ధారణ. రాష్ట్రానికి చెందిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 వసతిగృహ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరాదు. చదువు రాకపోవడం సమ్మతికి అడ్డంకి కాదు. విషయాన్ని చదివి వినిపించి, నిష్పాక్షిక సాక్షి సమక్షంలో వేయించిన వేలిముద్ర చెల్లుతుంది. వార్డెన్ స్థితి వేరు. ఆమె బాలిక తిండికీ, వసతికీ బాధ్యురాలు. శరీరంపై నిర్ణయాధికారం ఆమెది కాదు. పైగా కార్యక్రమాన్ని నడిపే ప్రభుత్వానికే ఆమె ఉద్యోగిని. అడిగేవారూ, ఒప్పుకొనేవారూ ఒకే పక్షమైనప్పుడు సమ్మతికి అర్థం లేదు.

2017 నాటి వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు తల్లిదండ్రుల సమ్మతితోపాటు ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారాన్నీ కోరుతున్నాయి. ఇది మేలైన నియమమే. కాని సమీక్షా సంఘం గదిలో కూర్చుని పత్రం నమూనాను ఆమోదిస్తే చాలదు. కోయ మాట్లాడే తల్లికి ఆ పత్రం ఏ భాషలో, ఎవరి నోట వినబడిందో క్షేత్రంలో తెలుసుకోవాలి.

ముగింపు

ఇది వైద్యులకే పరిమితమైన చర్చ కాదు. జానపద, గిరిజన సాహిత్య సేకరణలో కులపెద్ద అనుమతిని కథకురాలి అనుమతిగా భావించే పరిశోధకుడు కూడా వార్డెన్ సంతకాన్నే తీసుకుంటున్నాడు. టీకాతో పోలిస్తే ఇక్కడ హాని స్వల్పమే కావచ్చు. అయినా గొంతు ఆమెది, రికార్డింగు మనది. అది సిద్ధాంత గ్రంథంలో ఏ పేరుతో చేరుతుందో, అంతర్జాలంలోకి వెళ్తుందో లేదో ఆమెకు ఆమె భాషలో చెప్పాలి. వద్దనే హక్కు ఆమెకుండాలి. ఈ అంశాన్ని తెలుగు శాఖలు పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో చేర్చడం తక్షణావసరం.