వంటింట్లో పుట్టిన వానపాము

1949లో, అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో నిక్ క్రీమ్ ఇంటి పొయ్యి మీద ఒక వానపామును పుట్టించాడు. గాలానికి గుచ్చే ప్లాస్టిక్ ఎర అది. వినైల్, నూనె, రంగు కలిపి కాచి అచ్చులో పోశాడు. అక్కడ బాస్ చేపలకు గాలం వేసేవాళ్లు కొందరు ఇప్పటికీ ఇళ్లలో ఇదే పని చేస్తుంటారు. నాకైతే వాళ్లను చూస్తే అరిసెల పాకం పట్టేవాళ్లే గుర్తొస్తారు.

నిజానికి ఇదీ పాకం పనే. ప్లాస్టిసాల్ అనే ద్రవ ప్లాస్టిక్ సీసాలో పాలలా ఉంటుంది. గాజు కప్పులో పోసి మైక్రోవేవ్‌లో కాస్తే ముందు చిక్కబడి ముద్ద కడుతుంది. చెడిపోయిందనుకుని పారబోయకూడదు. మధ్యమధ్యలో కలుపుతూ 175 డిగ్రీల సెల్సియస్ దాకా తెస్తే తేటపడి తేనెలా జారుతుంది. ఏమరితే పసుపెక్కి మాడుతుంది, ఆ పొగ ప్రమాదం. అందుకే గాలాడే చోటు, తగిన మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు. ఆ కప్పూ ఆ మైక్రోవేవూ మళ్లీ తిండి ముఖం చూడవు. అచ్చులో నీటిచుక్క ఉందా, కాగిన ప్లాస్టిక్ చిమ్మి మీద పడుతుంది.

కొత్తవాళ్లకు పైన తెరిచి ఉండే అచ్చు చాలు. ధార సన్నగా, తెగకుండా పడాలి. ఆగితే అక్కడ అతుకు కనిపిస్తుంది. వంకరపోతే బెంగ లేదు, కరిగించి మళ్లీ పోయొచ్చు. (మట్టిబొమ్మ చేసేవాడికి ఈ వెసులుబాటు కాల్చకముందు వరకే!)

చల్లారాక కొస పట్టి మెల్లగా లాగుతారు. కొలనుకు వెళ్లేదాకా ఆగలేక బకెట్ నీళ్లలో ముంచి, తోక ఆడుతోందా అని వంగి చూస్తారు.