వృకోదరుడూ, ధర్మరాజు వెంట నడిచిన కుక్కా

మహాప్రస్థానంలో తమ్ముళ్లందరిలోకీ చివర పడిపోయింది భీముడు. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు ఒక్కొక్కరే ఒరిగిపోయాక తన వంతు వచ్చింది. నేనెందుకు పడ్డానన్నా అని అడిగాడు. అతిగా తిన్నావు, నీ బలం చూసుకుని ఎదుటివాణ్ని లెక్కచెయ్యలేదు అని చెప్పి ధర్మరాజు ముందుకు సాగిపోయాడు. ఆ తర్వాత దారిలో మిగిలింది ఇద్దరే. ధర్మరాజు, ఆయన వెంట వస్తున్న కుక్క.

భీముడికి వృకోదరుడని ఇంకో పేరుంది. వృకమంటే తోడేలు. వృకమనే జఠరాగ్ని కడుపులో ఉన్నవాడని అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు గానీ, నాకు తోడేలు కడుపే నచ్చుతుంది. ఆ లెక్కన తోడేలు పేరు మోసినవాడు కొండదారిలో కూలిపోయాడు, కుక్క స్వర్గం గుమ్మం దాకా నడిచింది. ఈ రెండు జంతువుల మీద మన కావ్యం ఇచ్చిన తీర్పు ఇదేననుకుంటే, దానిమీద నాకు కాస్త పేచీ ఉంది. బలం సంగతి సరే, స్వభావం దగ్గర తోడేలుకు అన్యాయం జరిగింది.

ముందు బంధుత్వం తేల్చుకోవాలి. కుక్కను తోడేలులోనే ఒక ఉపజాతిగా లెక్కించే శాస్త్రవేత్తలు చాలామంది. కనీసం 15 వేల ఏళ్ల కిందటే రెండు దారులూ విడిపోయాయి. అయితే ఇవాళ్టి తోడేలు కుక్కకు తాత కాదు. ఇద్దరికీ తాత అయిన పాత తోడేలు ఎప్పుడో అంతరించింది. అంటే ఇవి దాయాదులు. (నల్లమల రేసుకుక్కను ఈ తగవులోకి లాగకూడదు. పేరులో కుక్క ఉన్నా దాని వంశం వేరు.)

ఇక బలం. ఫోన్లో తోడేలుకీ కంగల్ కుక్కకీ పోటీ పెట్టే వీడియోలు కుప్పలు తెప్పలు. పోటీ పెట్టేవాళ్లు ఏ తోడేలో చెప్పరు. అలాస్కా తోడేలు 45 కిలోలు దాటుతుంది. మన దక్కన్ పీఠభూమి మీద, కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిమైదానాల్లో తిరిగే తోడేలు 17 నుంచి 25 కిలోలే. ఊరకుక్క కన్నా కాస్త బరువు, కాస్త ఎత్తు, అంతే. టర్కీ గొర్రెల మందల దగ్గర కాపలా ఉండే కంగల్ 50 కిలోలు సులభంగా తూగుతుంది, దాని మెడకు ఇనుప ముళ్ల పట్టీ కూడా ఉంటుంది. ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెడితే ఫలితం ఏమిటో చెప్పడానికి వీడియో అక్కర్లేదు. అలాగే పొమేరేనియన్‌ని తెచ్చి కుక్కల తరఫున నిలబెట్టినా తేలిపోతుంది. కుక్క అనే మాటకు బరువు లేదు. రెండు కిలోల నుంచి ఎనభై కిలోల దాకా ఏదైనా కుక్కే.

ఆ వీడియోల్లోనే ఇంకో విచిత్రం, కాటు బలం అంకెలు. చదరపు అంగుళానికి ఇన్ని వందల పౌండ్లని తోడేలుకో అంకె, రాట్‌వీలర్‌కో అంకె. ఎవరు, ఏ జంతువు నోట్లో, ఏ పరికరం పెట్టి కొలిచారో చెప్పరు. ఆ అంకెల్ని నేను నమ్మను. నమ్మదగ్గ తేడాలు ఎముకల్లో కనిపిస్తాయి. ఒకే బరువున్న కుక్కనూ తోడేలునూ పక్కపక్కన పెడితే తోడేలుకు తల పెద్దది, పళ్లు పెద్దవి, మెదడూ పెద్దదే. ఛాతీ ఇరుకు, కాళ్లు పొడవు, పంజాలు వెడల్పు. నడిచేటప్పుడు వెనక పాదం ముందు పాదం అచ్చులోనే పడుతుంది. కొట్లాటకంటే నడకకు కుదిరిన ఒళ్లు అది.

ఎంత నడక? 2011 డిసెంబరులో స్లోవేనియా నుంచి ఒక కుర్ర మగ తోడేలు బయల్దేరింది. శాస్త్రవేత్తలు దానికి స్లావ్ట్స్ అని పేరు పెట్టి మెడకు జీపీఎస్ పట్టీ కట్టారు. అది ఆస్ట్రియా దాటింది, మంచులో ఆల్ప్స్ దాటింది, నదులు ఈదింది. వెయ్యి కిలోమీటర్లకు పైగా తిరిగి 2012 వసంతానికి ఇటలీలో వెరోనా ఎగువన లెస్సీనియా కొండలకు చేరింది. అక్కడ ఒంటరిగా తిరుగుతున్న ఆడ తోడేలు కలిసింది. వెరోనా దగ్గర కదా, ఇటలీ వాళ్లు దానికి జూలియెట్ అని పేరు పెట్టుకున్నారు. దారి పొడుగునా స్లావ్ట్స్ తిండి తనే వేటాడుకుంది.

కుక్క తక్కువ తిన్నదా? అలాస్కాలో ఏటా జరిగే ఇడిటరాడ్ పందెంలో బండి లాగే కుక్కలు 2017లో దాదాపు 1,600 కిలోమీటర్లను 8 రోజుల 3 గంటల పైచిలుకు సమయంలో ముగించాయి. వెనక బండీ, బండి మీద మనిషీ. ఓపికలో ఇంతకు మించింది నేలమీద దొరకడం కష్టం. కానీ ఆ కుక్కలకు మజిలీ మజిలీకీ మాంసం సిద్ధంగా ఉంది, కాళ్లకు జోళ్లున్నాయి, నొప్పి చేస్తే చూడటానికి పశువైద్యుడున్నాడు. కుక్క బలాన్ని తూచేటప్పుడు తక్కెడలో మనిషిని కూడా ఎక్కించక తప్పదు. గొర్రెల కాపరి కుక్క అంత ధైర్యంగా మొరిగేదీ వెనక గొంగడి కప్పుకుని, చేతిలో కర్రతో ఒక మనిషి ఉన్నాడని తెలిసే.

తోడేలు వెనక అలాంటివాడు లేడు. పక్కటెముక విరిగితే వేట లేదు, వేట లేకపోతే ప్రాణం లేదు. అందుకే అది జగడాన్ని వీలైనంత తప్పించుకుంటుంది. మంద మీదికొచ్చిన తోడేలు కుక్కతో తలపడటానికి రాదు, గొర్రెపిల్ల కోసం వస్తుంది. ఒకటి ఎదురుగా కనిపించి కుక్కల్ని అటు లాగుతుంది, ఇంకోటి వెనకనుంచి పిల్లను ఎత్తుకుపోతుంది అని కాపరులు చెబుతారు. పిరికితనం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నాకైతే లెక్క తెలిసిన బలం అనిపిస్తుంది. ఆ లెక్క అనుకూలంగా ఉన్న రోజున, అంటే ఎదుటిది ఒంటరి కుక్క, ఇటు గుంపు అయితే, తోడేలు దాన్ని శత్రువుగా కూడా చూడదు. తిండిగా చూస్తుంది. స్వీడన్, ఫిన్లండ్ వేటగాళ్లు తమ కుక్కల్ని అలా పోగొట్టుకుంటూనే ఉన్నారు.

కడుపు సంగతికొస్తే వృకోదరుడి పేరు సార్థకమే. ఉత్తరాది మంచు దేశాల పెద్ద తోడేలు పెద్ద వేట పడినప్పుడు ఒక్క పూటకు తొమ్మిది కిలోల దాకా మాంసం తినగలదు. తర్వాత రోజుల తరబడి ఏమీ దొరక్కపోయినా తట్టుకుంటుంది. కుక్క కడుపు వేరే దారి పట్టింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలుకు సాధారణంగా రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. మనం వరీ జొన్నా పండించుకోవడం మొదలుపెట్టాక, మన గుమ్మం ముందు కూర్చున్నదాని కడుపూ మారింది. పెరుగన్నం తిని తోక ఊపే ఊరకుక్క పేగుల్లో వ్యవసాయ చరిత్ర ఉంది. తోడేలుకు సంకటి పెడితే ఒంటబట్టదు.

ఇంతవరకూ పెద్దగా ఎవరికీ అభ్యంతరం ఉండదు. స్వభావం దగ్గరే మన భాష అడ్డం పడుతుంది. కుక్క అనగానే విశ్వాసం అంటాం. తోడేలు అనగానే ఏటి ఎగువన నిలబడి, దిగువన నీళ్లు తాగే మేకపిల్ల మీద నింద వేసే దుర్మార్గం గుర్తొస్తుంది. చిత్రమేమిటంటే ఈసపు కథలో గొర్రెల కాపరి కుర్రాడు తోడేలు, తోడేలు అని అరిస్తే, మన బడిపుస్తకాల్లోకి వచ్చేసరికి అది నాన్నా పులి అయింది. నింద మోయాల్సినప్పుడు తోడేలు కావాలి, భయపెట్టే గౌరవం మాత్రం పులికి ఇచ్చాం.

ఆస్ట్రియాలో ఎర్న్‌స్ట్‌బ్రున్ అనే చోట తోడేళ్ల పరిశోధన కేంద్రం ఉంది. 2008లో కుర్ట్ కోట్రషాల్, ఫ్రీడరికె రాంగె, జోఫియా విరాన్యి కలిసి మొదలుపెట్టారు. అక్కడ తోడేలు పిల్లల్నీ కుక్కపిల్లల్నీ ఒకేలా, మనుషుల చేతుల మీదుగా పెంచి, తర్వాత గుంపులుగా ఆవరణల్లో వదులుతారు. పెంపకం తేడా అనే సాకు మిగలకుండా పోల్చడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. అక్కడ జరిపిన ఒక పరీక్షలో రెండేసి జంతువుల ముందు తిండి పెట్టారు. తోడేళ్లలో తక్కువ స్థాయిది కూడా వచ్చి మూతి పెట్టింది, పెద్దదానిమీద గుర్రుమంది, తన వాటా తాను దక్కించుకుంది. కుక్కల్లో తక్కువ స్థాయిది దగ్గరికి రావడానికే జంకింది. మన కళ్లకు సాధువైన కుక్క తన జాతిలో కరుడుగట్టిన దొర. క్రూరమైన తోడేలు ఇంట్లో మాటకు మాట పడనిచ్చే మనిషి.

ఇంకో పరీక్ష దీనికంటే సూటిది. ఒక తాడు రెండు కొసలనూ ఇద్దరూ ఒకేసారి లాగితేనే తిండి పళ్లెం ముందుకు వస్తుంది. ఒకరే లాగితే తాడు ఊడి చేతికొస్తుంది. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం శిక్షణ లేకుండానే ఏడు తోడేళ్ల జతల్లో ఐదు కనీసం ఒక్కసారైనా గెలిచాయి. ఎనిమిది కుక్కల జతల్లో గెలిచింది ఒక్కటే. కుక్కలకు తెలివి తక్కువని కాదు. రెండో కుక్క తాడు దగ్గర ఉంటే మొదటిది తప్పుకునేది, గొడవెందుకని. కలిసి లాగాలంటే పక్కవాడి పక్కన నిలబడగలగాలి కదా.

అదే కుక్క పక్కన మనిషిని పెట్టండి, బొమ్మ తిరగబడుతుంది. 2003లో బుడాపెస్ట్‌లో ఆడమ్ మిక్లోషి బృందం ముందు తిండి దొరికే కిటుకు నేర్పి, తర్వాత అది దొరక్కుండా బిగించేసింది. చేతుల్లో పెరిగిన తోడేళ్లు బిగించినదానితోనే పెనుగులాడాయి. కుక్కలు కాసేపు ప్రయత్నించి, తిరిగి మనిషి మొహంలోకి చూశాయి. ఆ చూపును మనం ఇంట్లో రోజూ చూస్తుంటాం, బిస్కట్ డబ్బా మూత రానప్పుడు. 2015లో జపాన్ పరిశోధకులు ఆ చూపు నిలిచే కొద్దీ కుక్కలోనూ యజమానిలోనూ ఆక్సిటోసిన్ అనే మమకారపు హార్మోన్ పెరుగుతుందని, పెంపుడు తోడేళ్లలో అలా జరగదని చెప్పారు. కనుబొమ లోపలి కొసను పైకెత్తే కండరం కుక్కకు బాగా ఎదిగింది, తోడేలుకు నామమాత్రం. ఆ దీనమైన మొహం వెనక ఒక కండరం ఉందన్నమాట. అయినా కరిగిపోతాం.

అందుకే నాకు తోచేదేమిటంటే, కుక్క కొత్తగా మెతకదనం సంపాదించుకోలేదు. తన వాళ్లకు ఇవ్వాల్సిన మెతకదనాన్ని అటునుంచి తీసి మనకు కట్టబెట్టింది. ఊళ్లో పిల్లల్ని ఈనిన కుక్కను చూడండి, వాటి తండ్రి ఎవరో ఎక్కడో ఎవరికీ పట్టదు. తోడేలు తండ్రి మాత్రం వేటాడిన మాంసం మింగి కిలోమీటర్లు నడిచొచ్చి పిల్లల ముందు కక్కి తినిపిస్తాడు. అక్కలూ అన్నలూ కాపలా ఉంటారు.

ఈ కుటుంబాన్ని గూండాల గుంపుగా మార్చిందీ ఒక పరిశోధనే. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బాసెల్ జంతుప్రదర్శనశాలలో ఇరుకున బంధించిన తోడేళ్లను చూసి, పెత్తనం కోసం అవి నిరంతరం కొట్టుకుంటాయని రాశాడు. డేవిడ్ మీచ్ 1970లో తన పుస్తకంలో, గుంపు పెత్తందారును ఆల్ఫా అనే ఆ సిద్ధాంతాన్నే ఎత్తి ప్రచారం చేశాడు. తర్వాత కెనడాలో ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ల మధ్య ఏళ్ల తరబడి వేసవులు గడిపి, గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలే అని 1999లో దిద్దుకున్నాడు. తన పాత పుస్తకాన్ని అచ్చువేయడం ఆపమని ప్రచురణకర్తను తానే అడిగాడు. ఆ మాట మాత్రం ఆగలేదు. కుక్కకు నువ్వే ఆల్ఫావని చూపించు, వెల్లకిలా పడేసి అణచు అని చెప్పే శిక్షకులు ఇప్పటికీ ఉన్నారు. బోనులోని తోడేలు గురించిన పొరపాటును వరండాలోని కుక్క మీద రుద్దుతున్నారు.

తోడేలును ఇంట్లో పెంచుకోవచ్చని దీనర్థం కాదు. దాని మర్యాదలన్నీ దాని కుటుంబానికే. మనిషితో దానికి ఉన్న సంబంధం ఒక్కటే, భయం. ఆ భయం ఉన్నన్నాళ్లూ ఇద్దరికీ క్షేమం. 1996లో తూర్పు ఉత్తరప్రదేశ్‌లోనూ, 2024లో బహ్రాయిచ్‌లోనూ పిల్లలు బలైనప్పుడు తెగిపోయింది ఆ దూరమే. కుక్కకు ఆ దూరం పుట్టుకతోనే లేదు. మనుషులకు సోకే రేబిస్‌లో దాదాపు అంతా కుక్కకాటు నుంచే రావడానికి కారణం కోపం కాదు, మన కాళ్ల దగ్గరే ఉండటం.

ఇప్పుడు ఈ రెండు స్వభావాలూ కలిసిపోతున్నాయి. పుణె చుట్టుపక్కల గడ్డిమైదానాల్లో తోడేళ్ల గుంపులో వింతగా పసుపు రంగు తిరిగిన జంతువు ఒకటి కనిపించింది. జన్యుపరీక్ష చేస్తే అది తోడేలు–కుక్క సంకరమని 2023లో తేలింది. గడ్డినేలలు ప్లాట్లయ్యాయి, చెత్తకుప్పలు పెరిగాయి, చెత్త చుట్టూ కుక్కలు పెరిగాయి. జత దొరకని తోడేలు దాయాది ఇంటి గుమ్మం తొక్కింది. దేశంలో మిగిలిన తోడేళ్లు సుమారు మూడు వేలని అంచనా, కుక్కలు కోట్లలో ఉన్నాయి. ఆ సంకరజీవికి తోడేలు పళ్లూ కాళ్లూ వచ్చి, మనిషంటే జంకు మాత్రం రాకపోతే ఏం చెయ్యాలన్నది అక్కడి అటవీ అధికారుల ముందున్న ప్రశ్న.